ఈ క్రిస్మస్ అప్పు లేకుండా గడవాలి, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియట్లేదు

మిర్చియార్డు దగ్గర (గుంటూరు), నవంబర్ 6

అందరికీ వందనాలు. ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టి చదవండి.

మా ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా, జీతం 24 వేలు. నేను ప్రైవేటు స్కూల్లో చెప్తాను, 9 వేలు ఇస్తారు, అది కూడా ఒకటో తారీకున వస్తుందన్న గ్యారంటీ లేదు. పాప మూడో తరగతి, బాబు యూకేజీ. అద్దె 7,500. దేవుడి దయ వల్ల పదకొండు నెలలు ఎలాగోలా లాక్కొచ్చేస్తాం, డిసెంబర్ దగ్గరకొస్తుంటేనే నాకు నిద్ర పట్టదు.

పోయిన క్రిస్మస్‌కి మాకు అయింది 41 వేలు. జనవరిలో కూర్చుని రాసుకుంటే తేలింది, అప్పటిదాకా పాతిక వేలు అయ్యుంటుందిలే అనుకుంటున్నా. బట్టలకే 23,500. మేం నలుగురం, అత్తయ్య మామయ్య, హైదరాబాద్ నుంచి వదిన వాళ్ళు నలుగురు, మా అమ్మ, మొత్తం పదకొండు మందికి. మా పిల్లలకైతే రెండేసి జతలు, క్రిస్మస్‌కి ఒకటి జనవరి ఒకటికి ఒకటి, మా చర్చి సంఘంలో ఎవరి పిల్లలూ ఒకే జతతో రెండు రోజులూ రారు. ఇరవై అయిదున భోజనాలకి 8 వేలు, కేకు 1,500, స్టారు సీరియల్ లైట్లు ప్లాస్టిక్ చెట్టు కలిపి 3 వేలు, చర్చి డెకరేషన్‌కి మా ఆయన అందరి ముందూ 5 వేలు రాయించేశాడు.

ఇందులో మా చేతి డబ్బు 4 వేలే. 17 వేలు క్రెడిట్ కార్డు మీద గీకాం, 20 వేలు మా వీధిలో ఒకావిడ దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకి 600 చొప్పున ఎనిమిది నెలలు వడ్డీయే 4,800 కట్టాం. ఆగస్టులో నా చెవి బుట్టలు తాకట్టు కొట్లో పెట్టి 15 వేలు తెచ్చి మిగతాది జీతంలోంచి కలిపి ఆ అసలు తీర్చాం. బుట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి. కార్డు బాకీ అలాగే ఉంది, నెల నెలా కడుతూనే ఉన్నా తరగట్లేదు. నా పెళ్ళికి మా అమ్మ చీటీ పాడి చేయించిన బుట్టలు అవి. చర్చిలో కొంగు తల మీద ఉంటుంది కాబట్టి కనపడదు, అమ్మ ఇంటికొచ్చినప్పుడు మాత్రం జుట్టు చెవుల మీదకి లాక్కుని తిరుగుతున్నా.

ఈసారి పక్కన పెట్టింది 12 వేలు. ఒక్క రూపాయి కూడా అప్పు తేకూడదని నా పట్టుదల. మా ఆయన సరే అంటాడు కానీ వాళ్ళమ్మ ముందు నోరు పెగలదు. అత్తయ్య చెడ్డ మనిషి కాదు, పాపం ఆవిడ చిన్నప్పుడు చాలా కష్టపడింది, "ఏడాదికి ఒక్క పండగమ్మా, ఆ ఒక్క రోజన్నా నలుగురిలో తలెత్తుకుని ఉండొద్దా" అంటుంది. వదినకి చీర పెట్టకపోతే ఆడపడుచుని చిన్నచూపు చూశామన్న మాట వస్తుంది. ఎవరికి ఏం చెప్పాలి, ఎక్కడ తగ్గించాలి? ఇది దాటి వచ్చినవాళ్ళు చెప్పండి.

వన్‌టౌన్ అక్క (విజయవాడ), నవంబర్ 6

చెల్లెమ్మా, బుట్టల సంగతి చదివి నాకు కడుపులో దేవినట్టయింది, ఎందుకంటే నా గాజులు రెండు ఇలాగే పోయాయి, విడిపించుకోలేకపోయా. నువ్వు ముందే మేలుకున్నావు.

మీ అత్తయ్యకి మాటలతో చెప్పకు. మాట అయితే మాటకి మాట వస్తుంది. ఎవరూ లేనప్పుడు, మధ్యాహ్నం ఆవిడ బియ్యం ఏరుకుంటూనో చిక్కుళ్ళు ఒలుచుకుంటూనో కూర్చున్నప్పుడు, పక్కన కూర్చుని తాకట్టు చీటీ ఆవిడ చేతిలో పెట్టు. పోయినేడు ఖర్చు రాసుకున్న కాగితం కూడా పెట్టు. కష్టపడ్డ మనిషి అంటున్నావు కదా, అంకెలు ఆవిడకే ఎక్కువ అర్థమవుతాయి. కొడుకు ముందు, కూతురు ముందు మాత్రం ఎత్తొద్దు, అప్పుడు అది పరువు సంగతి అయిపోతుంది.

వదినకి ఈ నవంబర్లోనే నువ్వే ఫోన్ చెయ్యి. డిసెంబర్ ఇరవై మూడున చెప్తే మొహం చాటేసినట్టు ఉంటుంది, ఇప్పుడు చెప్తే ఇంటి మాట చెప్పినట్టు ఉంటుంది. "వదినా ఈ ఏడు పెద్దవాళ్ళకి ఎవరికీ బట్టలు వద్దు, నువ్వు మాకు తేవద్దు, నేను నీకు పెట్టను, పిల్లలకి మాత్రం పెట్టుకుందాం" అను. నేను మా ఆడపడుచుకి ఇలా చెప్పినప్పుడు అటువైపు నుంచి పెద్ద నిట్టూర్పు వినపడింది, ఆమె కూడా మాకు పెట్టడానికి ఏటా కార్డు గీకుతోందట. మేమిద్దరం ఆరేళ్ళు ఒకరికోసం ఒకరం అప్పు చేసుకున్నామన్నమాట!

బట్టల విషయం. నేను వస్త్రలతలో, అదే ఇక్కడి హోల్‌సేల్ బట్టల మార్కెట్లో, ఒక షాపులో పదేళ్ళు పనిచేశా, నాకు తెలిసింది చెప్తా. డిసెంబర్ పదిహేను దాటితే టైలర్లు కొత్త గుడ్డ పట్టరు, అప్పుడిక రెడీమేడ్‌కి పోవాలి, డబ్బు పోయేది అక్కడే. నవంబర్లోనే మీ వీధిలో ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి హోల్‌సేల్ షాపులో గుడ్డ తీసుకోండి, కుట్టించేటప్పుడు పాప గౌనుకి అంచు దగ్గర నాలుగు అంగుళాలు లోపలికి మడత పెట్టించు, పక్కల కూడా కుట్టు వదలమను, వచ్చే ఏడు విప్పుకోవచ్చు. రెండు జతల గొడవకి నేను చేసేది ఏంటంటే లంగా ఒకటే, జాకెట్లు రెండు. క్రిస్మస్‌కి ఎర్ర జాకెట్టు, ఒకటో తారీకుకి తెల్ల జాకెట్టు. పిల్లలకి అది రెండు జతలే. బాబుకి ప్యాంటు ఒకటి చొక్కాలు రెండు.

బ్యాంకు కౌంటర్ వెనక, నవంబర్ 7

చెల్లీ, నేను పద్నాలుగేళ్ళుగా బ్యాంకులో ఉన్నా. పండగ ఖర్చు గురించి అక్క చెప్పింది, నేను అప్పు గురించి చెప్తా, ఎందుకంటే నువ్వు ఈ క్రిస్మస్‌కి అప్పు చెయ్యకపోయినా పాత క్రిస్మస్ ఇంకా నిన్ను తింటూనే ఉంది.

కార్డు బాకీ ఎందుకు తరగట్లేదో చూడు. చాలా కార్డులకి నెలకి 3.5 శాతం దాకా వడ్డీ ఉంటుంది. 17 వేల మీద అది 595. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, 107. మొత్తం 702. బిల్లులో కనీసం కట్టాల్సింది అని ఒక అంకె ఉంటుంది కదా, అది ఐదు శాతం అనుకుంటే 850. నువ్వు 850 కట్టి హమ్మయ్య అనుకుంటావు, అందులో అసలుకి పోయింది 148 రూపాయలు. అదీ సంగతి. పైగా పాత బాకీ ఉండగా ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా దానికి కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, నలభై యాభై రోజుల గడువు ఉండదు. కాబట్టి ఆ కార్డు తీసి బీరువాలో అడుగున పెట్టు, డిసెంబర్లో బయటికి రానివ్వకు.

నో కాస్ట్ ఈఎంఐ అని షాపు వాళ్ళు అంటారు, వడ్డీ లేకుండా నెలవారీ వాయిదాల్లో కట్టొచ్చని. వడ్డీ లేని అప్పంటూ ఉండదు, సున్నా శాతం వడ్డీ స్కీములు ఉత్తవే అని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, నీకు రావాల్సిన డిస్కౌంటులోనో కలిసిపోయి ఉంటుంది, పైన ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ నువ్వే కట్టాలి.

మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి 36 శాతం అది. నీ బుట్టలు తాకట్టు కొట్లో ఎంత వడ్డీకి ఉన్నాయో రాయలేదు, మామూలుగా రెండు రూపాయలు ఉంటుంది, అంటే 15 వేలకి నెలకి 300. అవే బుట్టలు బ్యాంకులో గోల్డ్ లోను కింద పెడితే ఏడాదికి తొమ్మిది పది శాతం దగ్గర పడుతుంది, నెలకి 125 లోపు. మీ ఆయన్ని తీసుకుని ఒక పూట సెలవు పెట్టి ముందు ఆ పని చెయ్యి. విడిపించడానికి ఒక్క రోజుకి 15 వేలు చేబదులు కావాలి, దానికి మీ కోల్డ్ స్టోరేజీ యజమానిని అడగొచ్చు, అదే రోజు బ్యాంకులో పెట్టి తిరిగి ఇచ్చేయొచ్చు.

ఇంకొకటి, డిసెంబర్లో ఫోన్లకి లోన్ యాప్‌ల మెసేజీలు వరదలా వస్తాయి, ఐదు నిమిషాల్లో పదివేలు అని. ఫోన్లో ఉన్న నంబర్లు, ఫోటోలు చూడనివ్వమని అడిగే యాప్ ఏదైనా సరే వెంటనే తీసెయ్యి, అలా అడగకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని బెదిరింపులు వస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, సిగ్గుపడి ఊరుకోవద్దు.

ఒంగోలు పల్లె, నవంబర్ 7

నేను కొంచెం వేరేగా మాట్లాడతా, తప్పుగా అనుకోవద్దు.

తగ్గించండి తగ్గించండి అని చెప్పడం తేలికే. మా పల్లెలో క్రిస్మస్ కొత్త బట్టలంటే ఆడంబరం కాదు. మా నాయన చిన్నప్పుడు ఊళ్ళో వాళ్ళు విడిచిన చొక్కాలే వేసుకునేవాడు, కొత్త గుడ్డ ఒంటి మీద పడేది ఏడాదికి ఒక్కసారి, డిసెంబర్ ఇరవై అయిదున. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఊరి మధ్య నుంచి గుడికి నడిచి పోతుంటే ఆ రోజు ఎవరూ ఒరే అనేవాళ్ళు కాదంట. ఈ అక్క వాళ్ళ అత్తయ్య తలెత్తుకుని ఉండాలి అన్నదంటే ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. అది షోకు కాదు. ఆ ముసలామెకి లెక్కలు చెప్పేముందు ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

అప్పు చెయ్యమని నేను అనట్లా. 1876 నాటి కరువులో మా ముత్తాతల వాళ్ళకి ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వే పని తీసుకుని కూలి ఇప్పించాడు, కరువు తీరాక 1878 జులైలో ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. పని చేసి కూడు తిన్నవాళ్ళం, వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడం మాకూ ఇష్టం ఉండదు. కానీ తగ్గించేది ఏదైనా ఉంటే భోజనాల్లో తగ్గించండి, లైట్లలో తగ్గించండి, కేకు మానెయ్యండి, పెద్దవాళ్ళ ఒంటి మీద గుడ్డ మాత్రం తగ్గించొద్దు. అత్తకీ మామకీ తప్పకుండా పెట్టండి. నా మాట అదీ.

మిర్చియార్డు దగ్గర, నవంబర్ 7

అన్నా మీరు చెప్పింది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నా. అత్తయ్య కూడా ఒకసారి చెప్పింది, చిన్నప్పుడు వాళ్ళ అమ్మ మిరపకాయలు కోసే కూలికి పోయి ఆ డబ్బుతో పరికిణీ గుడ్డ తెచ్చిందని, ఆ పరికిణీ రంగు కూడా చెప్పింది, చిలకపచ్చ. నేను అప్పుడు సరిగ్గా వినలేదు. మీరన్నది నిజం, వాళ్ళిద్దరికీ పెడతా. బ్యాంకు అన్నయ్యా, 148 రూపాయల లెక్క మా ఆయనకి చూపించా, ఏం మాట్లాడకుండా కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. కొట్లో రెండు రూపాయల వడ్డీయే, మీరు చెప్పినట్టే.

చర్చి డెకరేషన్ సంగతి ఎవరైనా చెప్పండి, ఈ ఆదివారం మళ్ళీ పేర్లు రాయించుకుంటారు.

మెతుకుసీమ (మెదక్), నవంబర్ 8

ఒంగోలు అన్న చెప్పిన మాటకు నేనొక మాట కలుపుత. మీ దగ్గర కాలవ, మా దగ్గర గుడి. మా మెదక్ చర్చి పని 1914ల షురువైంది, 1924 డిసెంబర్ 25 నాడు ప్రతిష్ఠ జేసిన్రు. కరువు కాలంల మిషనరీ పాస్నెట్ దొర జనానికి పని ఇచ్చి అన్నం పెట్టిండు, గట్ల పైకి లేసింది 175 ఫీట్ల గోపురం. మా ముత్తవ్వ తట్ట మోసిందని ఇంట్ల చెప్పుకుంటం. అంటే గంత పెద్ద గుడి కట్టినప్పుడు సుత పేదోనికి అన్నం దొరికింది గని పేదోని ఇంట్ల అప్పు పెరగలే. మరి ఇయ్యాల గుడికి లైట్లు గట్టనీకి ఇల్లు గడవనోళ్ళు ఐదేసి వేలు రాయించుడు ఏంది? నాకు మనసుకు పట్టదు.

మీ సార్ చేత ఆదివారం అందరి ముందు ఏం చెప్పియ్యకు. శనివారం సాయంత్రమే పాస్టర్ అయ్యగారి ఇంటికి ఇద్దరు కలిసి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి, ఈసారి వెయ్యి ఇస్తం అయ్యగారు, పేరు చదవకుండ్రి అని. మా దగ్గర ఇట్ల ఇద్దరు ముగ్గురు చెప్పినంక అయ్యగారే మైకుల పేర్లు చదువుడు బంద్ వెట్టిండు, కవర్ల పెట్టి డబ్బాల వెయ్యమన్నడు. కానుకలు తగ్గుతయేమో అని కమిటీ వాళ్ళు భయపడ్డరు. తగ్గినయి కొంచెం, నిజమే. లైట్లు ఒక వరుస తక్కువ కట్టినం, గంతే.

ఒకసారి క్రిస్మస్‌కు మెదక్ రా చెల్లె. ఇంకా తెల్లారకముందే మొదటి ఆరాధన, చలిల దుప్పట్లు కప్పుకొని ఎక్కడెక్కడి నుంచో జనం. ఆవరణల చెట్ల కిందనే మూడు రాళ్ళు పెట్టి వండుకుంటరు. గా అన్నం రుచి ఏ హోటల్ల లేదు.

దూరంగా ఉన్న అమ్మ (కువైట్), నవంబర్ 9

నేనండి, మాది కోనసీమలో ఒక పల్లె, కువైట్‌లో ఇంటి పని, తొమ్మిదో ఏడు నడుస్తుందండి. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే జరుగుద్ది, ఇరవై అయిదో తారీకున మాత్రం నేను ఏదో వంటింట్లో గిన్నెలు తోముతా ఉంటానండి.

మొదటి ఐదేళ్ళు క్రిస్మస్‌కని ఇంటికి ముప్పైయేసి వేలు పంపానండి. అంత నా దగ్గర ఉండేది కాదు, మేడం దగ్గర రెండు నెలల జీతం ముందే అడిగేదాన్ని, లేకపోతే తోటి వాళ్ళ దగ్గర తీసుకునేదాన్ని. నేను అప్పు చేసి పంపుతున్నానని ఇంట్లో వాళ్ళకి తెలీదండి, నేను చెప్పలేదు, గల్ఫ్‌లో ఉన్న మనిషి ఇంట్లో పండగ చిన్నగా ఉంటే ఏం బాగుంటుంది అనుకునేదాన్ని. ఒకసారి కూర్చుని లెక్క వేస్తే రెండు క్రిస్మస్‌ల డబ్బు కలిపితే నేను ఇంటికెళ్ళి రావడానికి టికెట్టు వచ్చేదండి. ఐదు క్రిస్మస్‌లు పంపాను, ఒక్క క్రిస్మస్‌కీ వెళ్ళలేదు.

అప్పుడు ఫోన్ చేసి చెప్పేశానండి, ఇక పదివేలే పంపుతాను, మిగతాది టికెట్టుకి దాస్తాను అని. మా తమ్ముడు నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. 2022 డిసెంబర్లో వెళ్ళాను. పాపకి కొలత తెలుసనుకుని ఇక్కడి నుంచి గౌను తీసుకెళ్ళానండి, తీరా వేస్తే మోకాళ్ళ పైకి ఉంది, పిల్ల నా భుజం దాకా వచ్చేసింది. ఆ గౌను అడుగున మా అమ్మ పాత చీర అంచు వేసి కుట్టింది, అదే వేసుకుని గుడికొచ్చింది పాప.

ఈ చెల్లెమ్మ ఇంట్లో ఎవరన్నా బయట దేశంలో ఉంటే వాళ్ళని పండక్కి డబ్బు అడగొద్దండి. వాళ్ళు లేదని చెప్పలేరు.

బాపట్ల మాస్టారు, నవంబర్ 10

అమ్మాయీ, నేను రిటైరైన టీచర్ని. డబ్బు సంగతులు అందరూ చెప్పారు, స్టారు సంగతి నేను చెప్తాను. ప్లాస్టిక్ స్టారూ చెట్టూ కొనకు. మా రోజుల్లో సముద్రం ఒడ్డున సరుగుడు తోటల్లో తోటమాలిని అడిగి ఒక కొమ్మ తెచ్చుకుని తడి ఇసుక నింపిన డబ్బాలో గుచ్చేవాళ్ళం, పైన దూది పెట్టేవాళ్ళం. గుంటూరులో కూడా సరుగుడు కర్రలు అమ్మే అడితి ఉంటే అడుగు, కొమ్మలు వాళ్ళు పారేస్తారు.

స్టారుకి పది వెదురు బద్దలు కావాలి, అన్నీ ఒకే పొడుగు, మూరెడున్నర చాలు. ఐదింటితో ఒక నక్షత్రం, ఐదింటితో ఇంకొకటి, దారంతో బిగించి కట్టాలి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ కలిపి కట్టేయాలి. తర్వాత లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఐదుంటాయి చూడు, అక్కడ రెండు నక్షత్రాల మధ్య జానెడు లోపు పుల్లముక్కలు నిలబెట్టి కడితే మధ్యలో ఉబ్బుతుంది, అప్పుడు అది స్టారు అవుతుంది. పుల్లలు సమానంగా లేకపోతే ఒక పక్కకి వాలిపోతుంది, జాగ్రత్త. గమ్ము కొనక్కర్లేదు, మైదా నీళ్ళలో కలిపి ఉడికిస్తే జిగురు, అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు, కాకపోతే అది విషం, పిల్లల చేతికి ఇవ్వొద్దు, వాళ్ళు అంటిస్తారనుకుంటే మైలుతుత్తం మానెయ్యి. రంగు కాగితం ఐదు షీట్లు సరిపోతాయి. వెనక ఒక కొస దగ్గర అంటించకుండా తలుపులాగా వదిలితే బల్బు అక్కడి నుంచి పెట్టొచ్చు. ఎల్‌ఈడీ పెట్టు, వేడెక్కదు. మా చిన్నప్పుడు దీపం పెట్టి రెండు స్టార్లు తగలబెట్టాం.

పాపకీ బాబుకీ రెండు ఆదివారాల పని అది. ఆ రెండు ఆదివారాలూ వాళ్ళు నిన్ను ఏదీ కొనమని అడగరు, చూడు.

వన్‌టౌన్ అక్క, నవంబర్ 10

మాస్టారూ మా ఇంట్లో కూడా చేయిస్తా ఈసారి. చెల్లీ ఇంకో మాట మర్చిపోయా, కేకు కుక్కర్లో చేసుకో. గాస్కెట్టు, విజిల్ తీసేసి, అడుగున రెండు గ్లాసుల ఉప్పు పోసి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్న మంట మీద నలభై అయిదు నిమిషాలు. మధ్యలో మూత తియ్యకు. టూటీఫ్రూటీ పిండిలో దొర్లించి వేస్తే అడుగుకి పోవు. ఆ ఉప్పు మళ్ళీ మళ్ళీ కేకులకే వాడుకోవచ్చు.

వచ్చే ఏడు సంగతి కూడా ఇప్పుడే చూసుకో. మా సంఘంలో ఆడవాళ్ళం పండగ చీటీ వేసేవాళ్ళం, నెలకి వెయ్యి చొప్పున, డిసెంబర్ ఒకటిన పంచుకునేలా. నాలుగేళ్ళు బాగానే నడిచింది, ఐదో ఏడు డబ్బు దగ్గర పెట్టుకున్న మనిషి ఇల్లు ఖాళీ చేసి పోయింది. అప్పటి నుంచి నేను బ్యాంకులో నెల నెలా కట్టే డిపాజిట్టు, అదే ఆర్‌డీ కడుతున్నా. జనవరి నుంచి నెలకి 1,200 కట్టినా పదకొండు నెలలకి 13,200 అవుతుంది, వడ్డీ పైన వచ్చేది కొంచెమే, కానీ ఎవరూ పట్టుకుపోరు.

మిర్చియార్డు దగ్గర, నవంబర్ 19

అత్తయ్యకి చెప్పానండి. అక్క చెప్పినట్టే మధ్యాహ్నం పూట తాకట్టు చీటీ చేతిలో పెట్టా. ఆవిడకి చదువు రాదు, ఇదేంటమ్మా అని అడిగింది. చెప్పా. చాలాసేపు ఆ కాగితం మడతలు విప్పుతూ మళ్ళీ పెడుతూ కూర్చుంది, "మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నాకు పట్టుచీర పెట్టావా" అంది. తర్వాత ఆ చీర తెచ్చి చూపించింది, మూడుసార్లు కట్టింది అంతే, ఈ క్రిస్మస్‌కి కూడా అదే కడతానంది. నేను ఒప్పుకోలేదు, ఒంగోలు అన్న మాట గుర్తుంది నాకు, మామూలు కాటన్ చీరైనా కొత్తది పెడతా అన్నా. సరే చిలకపచ్చది చూడు అంది.

వదిన ఫోన్లో సరే అంది కానీ గొంతు బాగాలేదు. చూడాలి.

శనివారం అయ్యగారి దగ్గరకి వెళ్ళాం. ఆయన ఏమీ అనలేదు, ప్రార్థన చేసి పంపించారు. మా ఆయన వచ్చేటప్పుడు దారిలో చాలా తేలిగ్గా మాట్లాడాడు.

మిర్చియార్డు దగ్గర, డిసెంబర్ 27

మీ అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు, ఆలస్యంగా రాస్తున్నా, నిన్ననే వదిన వాళ్ళు బయల్దేరారు.

12 వేలు అనుకున్నది 12,520 అయింది. పిల్లలవి 2,300, అక్క చెప్పిన రెండు చొక్కాలు రెండు జాకెట్ల లెక్కే. అత్తయ్య చీర 850, మామయ్య పంచె 450, మా ఆయన చొక్కా 700, వదిన పిల్లలిద్దరికీ 1,600. చర్చికి వెయ్యి. భోజనాలకి 3,900, మటన్ మానేసి చికెన్ పలావు చేశాం, చక్రాలు అరిసెలు 24వ తారీకు పొద్దున అత్తయ్యా నేనూ మా అమ్మా కలిసి వండాం, వాటికి 1,100. కేకు 480, మొదటిది అడుగు మాడింది, రెండోది బాగా వచ్చింది. స్టారుకి 140. ఆ 520 నా జీతంలోంచి పెట్టా, ఎవరి దగ్గరా తీసుకోలేదు.

అన్నీ బాగా జరిగాయని అబద్ధం చెప్పను. వదిన చీర లేదని బయటికి ఏమీ అనలేదు కానీ 25 సాయంత్రం దాకా ముభావంగానే ఉంది. ఆమెకి కూడా ఇబ్బందులు ఉండి ఉంటే చెప్పేదేమో, చెప్పలేదు, మరి నిజంగానే బాధపడిందేమో. వచ్చే ఏడు పెద్దగా కాకపోయినా ఆమెకి ఏదైనా పెట్టాలి, దాన్ని ముందే ఆర్‌డీలో కలుపుకుంటా. పాపని చర్చిలో ఒకమ్మాయి "ఒకే లంగానా" అని అడిగిందట ఒకటో తారీకు రాకముందే, ఈ పిల్లలకి ఎలా తెలుస్తుందో, మా పాప వచ్చి నాకు చెప్పి "ఏం కాదులే మమ్మీ జాకెట్టు వేరే కదా" అంది.

బుట్టలు బ్యాంకుకి మార్చాం. ఇంకా నా చెవులకి రాలేదు, ఏప్రిల్లో వస్తాయి. 24 రాత్రి క్యాండిల్ సర్వీసు నుంచి వచ్చాక అమ్మకి చెప్పేశా. అమ్మకి ముందే తెలుసట.

మాస్టారూ, మా స్టారు ఒక పక్కకి కొంచెం వాలింది, ఒక పుల్ల పొట్టిదైంది. నిన్న రాత్రి గాలికి ఒక కొస కాగితం చిరిగింది కూడా. బాబు దించనివ్వట్లేదు. ఎన్నాళ్ళు ఉంచొచ్చు?

బాపట్ల మాస్టారు, డిసెంబర్ 27

జనవరి ఒకటి దాటేదాకా ఉంచు. చిరిగిన చోట మైదా జిగురుతోనే లోపలి వైపు నుంచి ముక్క అంటించు, బయటి నుంచి అంటిస్తే వెలుగులో మరక కనపడుతుంది. దించాక కాగితం చించేసి బద్దలు కట్ట కట్టి అటక మీద పెట్టు, ఆ పొట్టి పుల్ల ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.